సముద్రంలో సైన్యం వల్ల పడవకో వలకో నష్టం జరిగితే పరిహారం రాబట్టుకోవడం ఎలా: గంజాం తీరంలోని తెలుగువాళ్ళ కోసం

రుషికుల్యా ముఖద్వారం నుంచి గోపాల్‌పూర్ మీదుగా సోనాపూర్ దాకా, ఒడిశాలోని గంజాం తీరంలో చేపల వేటకు వెళ్ళే కుటుంబాల్లో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. ఆ పేటల పక్కనే గోలాబంధలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. 1989లో ఇక్కడికి వచ్చిన ఆ కాలేజీ నుంచి సముద్రం మీదికి ఫైరింగ్ ప్రాక్టీసు జరుగుతుంది. గోపాల్‌పూర్‌లో కోస్ట్ గార్డ్ స్టేషన్ ఉంది. కింద విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్, పైన చాందీపూర్‌లో డీఆర్‌డీఓ క్షిపణి పరీక్షల కేంద్రం. ఈ నీళ్ళలో రాత్రింబవళ్ళు వల వేసేవాళ్ళకి ఎప్పుడో ఒకసారి ఓడ తగిలి వల తెగడమో, పడవ దెబ్బతినడమో జరగొచ్చు.

అలా జరిగినప్పుడు ఎక్కువగా వినిపించే మాట, "మిలిటరీ వాళ్ళతో మనమేం పెట్టుకుంటాం" అని. ఆ మాటతోనే చాలా కేసులు ఒడ్డుకు చేరకుండా పోతున్నాయి. ప్రభుత్వం మీద దావా వేసే హక్కు రాజ్యాంగం 300వ అధికరణలోనే ఉంది. పరిహారం అడగడమంటే దయ అడుక్కోవడం కాదు. అయితే ఆ హక్కు నిలబడాలంటే మొదటి రెండు మూడు రోజుల్లో మీరు చేసే పనులే కీలకం. కోర్టు దాకా వెళ్ళిన తర్వాత ఎంత పెద్ద వకీలు వచ్చినా, మొదటిరోజు రాసుకోని టైమును తిరిగి తేలేడు.

నీళ్ళ మీద ఉండగానే

ముందు మనుషులు. ఎవరికైనా దెబ్బ తగిలినా, పడవ మునుగుతున్నా కోస్ట్ గార్డ్ 1554కి గానీ, తీర భద్రత నంబరు 1093కి గానీ ఫోన్ చేయండి. వీహెచ్‌ఎఫ్ సెట్టు ఉంటే 16వ ఛానల్‌లో పిలవండి. ట్రాన్స్‌పాండర్ బిగించిన బోటు అయితే దాని ఎమర్జెన్సీ బటన్ నొక్కండి. ప్రాణం కోసం చేసే ఈ కాల్ తర్వాత సాక్ష్యంగా కూడా పనికొస్తుంది, ఎందుకంటే ఏ టైముకి సాయం అడిగారో అవతల నమోదవుతుంది.

తర్వాత చోటు. జీపీఎస్ సెట్టులో మార్క్ నొక్కి, ఆ అంకెల్ని ఫోన్‌తో ఫోటో తీయండి. జీపీఎస్ లేకపోతే ఎన్ని బారల లోతులో ఉన్నారో, ఒడ్డు మీద లైట్‌హౌస్ గానీ పోర్టు క్రేన్లు గానీ ఏ దిక్కున కనిపించాయో చెప్పి, ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకోండి.

మిమ్మల్ని గుద్దినది ఏమిటో తేల్చడం అన్నిటికంటే కష్టం. రాత్రిపూట బూడిద రంగు ఓడ ఒకటి వచ్చి వెళ్ళిపోయిందంటే సరిపోదు. ఓడ పక్కన రాసిన అంకె ఒక్కటి కనిపించినా చాలు, నౌకాదళం ఓడల మీద పెద్ద అంకెలు ఉంటాయి. కోస్ట్ గార్డ్ ఓడలు తెల్లగా ఉండి, ముందు భాగంలో ఏటవాలు చారలు ఉంటాయి. అంకె కనబడకపోతే ఓడ ఎటు నుంచి ఎటు వెళ్ళింది, ఏ రంగు లైట్లు ఎలా ఉన్నాయి, పక్కన ఇంకే బోట్లు ఉన్నాయి అన్నవి గుర్తు పెట్టుకోండి. పక్క బోటు సరంగు మీకు బంధువు కానివాడైతే అతని సాక్ష్యానికి విలువ ఇంకా ఎక్కువ.

పడవ అంచుకి అంటుకున్న రంగు పొరని గీకేయకండి, కడగకండి. ఏ ఓడ రాసుకుందో చెప్పే సాక్ష్యం అది. తెగిన వల ముక్కలు, విరిగిన చెక్క, బెండ్లు అన్నీ ఒక సంచిలో వేసి ఉంచండి. వలలో గుండు లాంటిదో లోహపు ముక్కో చిక్కితే మాత్రం చేత్తో ముట్టొద్దు, ఒడ్డుకు తేవొద్దు. చోటు గుర్తుపెట్టి పోలీసులకు చెప్పండి.

ఒడ్డుకు వచ్చిన రోజే

ఆ పూట పడుకునే ముందే మూడు చోట్లకు కాగితం వెళ్ళాలి: మీ ప్రాంతపు మెరైన్ పోలీస్ స్టేషన్, మత్స్యశాఖ కార్యాలయం, ఛత్రపూర్‌లోని కలెక్టర్ కార్యాలయం. మనిషికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ఎఫ్‌ఐఆర్ తప్పనిసరిగా రాయించండి. తమ పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని అడగండి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్‌లో ఆ వీలు ఉంది.

నోటిమాటతో చెప్పి వచ్చేయడం అసలు పనికిరాదు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయనంటే అదే అర్జీని స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) అడిగి పంపండి. పోస్టాఫీసు రసీదు అర్జీ కంటే జాగ్రత్తగా దాచాలి.

భాష గురించి చాలామంది ఇబ్బంది పడతారు. స్టేషన్‌లో ఒడియా, ఆర్మీ వాళ్ళతో హిందీ, కాగితం ఇంగ్లీషు. మన మాట మధ్యవర్తి నోట్లో పడి మారిపోతుంది. "వల మీదుగా ఓడ వెళ్ళింది" అన్నది "ఓడ దారిలో వల వేశారు" అని రాస్తే కేసు అక్కడే తిరగబడుతుంది. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వొచ్చు. అందుకని జరిగింది ముందు తెలుగులో, మీ మాటల్లోనే రాయించి సంతకం పెట్టండి. దాని కింద ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయండి. పోలీసులు రాసుకున్నది మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించిన తర్వాతే వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టండి.

ఫైరింగ్ వల్ల నష్టమైతే దారి వేరు

ఓడ గుద్దడం వేరు, ఫైరింగ్ ప్రాక్టీసు వల్ల వల పోవడమో వేట మానుకోవాల్సి రావడమో వేరు. ఈ రెండో రకానికి పాత చట్టాలు రెండు ఉన్నాయి. నేల మీది ఫైరింగ్‌కి 1938 నాటి మెనూవర్స్, ఫీల్డ్ ఫైరింగ్, ఆర్టిలరీ ప్రాక్టీస్ చట్టం. సముద్రం వైపు ఫిరంగి అభ్యాసానికి 1949 నాటి సీవార్డ్ ఆర్టిలరీ ప్రాక్టీస్ చట్టం. మనిషికి గానీ ఆస్తికి గానీ నష్టం జరిగినా, హక్కులకు ఆటంకం కలిగినా పరిహారం ఇవ్వాలని ఇవి చెబుతున్నాయి.

వీటి ప్రత్యేకత ఏమిటంటే పరిహారం తేల్చే పని రెవెన్యూ అధికారిది. కలెక్టర్ నియమించిన అధికారి అక్కడికక్కడే విచారించి మొత్తం నిర్ణయించాలి. ఆ మొత్తం నచ్చకపోతే 1938 చట్టం కింద, నిర్ణయం తెలిసిన 15 రోజుల్లోపు అప్పీలు చేస్తున్నట్టు కలెక్టర్‌కి నోటీసు ఇవ్వాలి. పదిహేను రోజులంటే ఒక వేట, ఒక జాతర మధ్యలో గడిచిపోతాయి. నిర్ణయం చేతికొచ్చిన రోజునే ఈ గడువు తేదీని గోడ మీద రాసుకోండి. ఏ చట్టం కిందకు వస్తుందో తేలకపోయినా ఇదే గడువు అనుకుని నడుచుకోవడం మేలు.

అందుకని కలెక్టర్‌కి ఇచ్చే అర్జీలో "ఈ రెండు చట్టాల కింద రెవెన్యూ అధికారితో నష్టం అంచనా వేయించండి" అని స్పష్టంగా అడగండి. ఉత్త "సాయం చేయండి" అని రాస్తే అది సహాయనిధి ఫైల్లోకి పోతుంది.

ఫైరింగ్ తేదీల నోటీసులు కూడా దాచుకోవాలి. పేటలో దండోరా వేయిస్తే ఫోన్‌లో రికార్డు చేయండి, పంచాయతీ బోర్డు మీద అతికిస్తే ఫోటో తీయండి. మన సముద్రానికి సంబంధించిన నావిక హెచ్చరికలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం జారీ చేస్తుంది, అవి కూడా పనికొస్తాయి. నోటీసు ఇచ్చిన ప్రాంతంలోకి ఆ టైములో మీరే వెళ్ళి ఉంటే క్లెయిమ్ బాగా బలహీనపడుతుంది. నోటీసు పరిధికి బయట, లేదా చెప్పిన టైము దాటాక నష్టం జరిగితే మీ పక్షం బలంగా ఉంటుంది.

మీ వైపు కాగితాలు

అవతలి వకీలు మొదట చూసేది మీ తప్పులే. పడవ రిజిస్ట్రేషను, వేట లైసెన్సు, మత్స్యకార గుర్తింపు కార్డు సరిగా ఉన్నాయా? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం మీకు తెలుసు. దానికి తోడు రుషికుల్యా ముఖద్వారం దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా వేరే నిషేధం ఉంది. ఆ రోజుల్లో ఆ నీళ్ళలో జరిగిన నష్టానికి పరిహారం అడిగితే ముందు మీమీదే కేసు అంటారు. అయినా అబద్ధపు చోటు చెప్పొద్దు. జీపీఎస్ ఒకటి చెప్పి మీరు మరొకటి చెబితే మిగతా నిజం కూడా మునిగిపోతుంది.

లైట్ల మాట కూడా చెప్పాలి. సముద్రంలో ఢీకొనకుండా ఉండేందుకు 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల ప్రకారం, మరమీద నడిచే ఓడ వేటలో ఉన్న పడవకి దారి ఇవ్వాలి. యుద్ధనౌక అయినంత మాత్రాన దీన్నుంచి మినహాయింపు లేదు. ప్రతి ఓడా ఎల్లవేళలా కళ్ళూ చెవులూ తెరుచుకుని కాపలా ఉండాలన్నది ఐదో నియమం. కానీ దారి ఇవ్వాలంటే మీరు వేటలో ఉన్నారని వాళ్ళకి కనబడాలి కదా. ట్రాలింగ్ అయితే పైన ఆకుపచ్చ, కింద తెలుపు లైటు; మిగతా వలలకైతే పైన ఎరుపు, కింద తెలుపు లైటు. వల 150 మీటర్లు దాటి పరుచుకుని ఉంటే ఆ దిక్కున ఇంకో తెల్ల లైటు. గోపాల్‌పూర్ పోర్టులోకి ఓడలు వచ్చే ఇరుకు దారికి అడ్డంగా వల వేస్తే ఈ నియమాల అండ ఉండదు. లైట్లు వెలుగుతున్నాయని చెప్పే సాక్షి ఉంటే ఆ మాట అర్జీ మొదట్లోనే రాయండి.

నష్టాన్ని లెక్కకట్టడం

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. "మొత్తం ఐదు లక్షలు నష్టం" అని ఒకే అంకె వేసే అర్జీని ఎవరూ నమ్మరు. ఒక్కో వస్తువుని విడిగా రాయండి: ఫైబర్ బోటు, ఇంజను, ఎన్ని ముక్కల వల, తాడు, బెండ్లు, లంగరు, ఐసు, డీజిలు, పోయిన చేప. పక్కనే కొన్న సంవత్సరం, కొన్న ధర, ఈరోజు ధర. బిల్లు లేకపోతే అమ్మిన షాపు నుంచి ఈనాటి కొటేషను తీసుకోండి. సబ్సిడీలో వచ్చిన ఇంజను అయితే మత్స్యశాఖ దగ్గర దాని రికార్డు ఉంటుంది.

ఉదాహరణకి లక్షా ఇరవై వేలు పెట్టి కొన్న వల నాలుగేళ్ళు మన్నుతుందనుకుందాం. రెండేళ్ళు వాడాక పోతే, అవతలివాళ్ళు అరవై వేలు అంటారు. మీరు ఈరోజు అలాంటి వల కొనడానికి ఎంత అవుతుందో ముందు పెట్టి, అక్కడి నుంచి అరుగుదల తీయమని అడగాలి. ధరలు పెరిగిన కాలంలో ఈ తేడా చిన్నదేం కాదు.

పోయిన పనిదినాలకి కూడా పరిహారం అడగొచ్చు, రుజువు కావాలి అంతే. సావుకారు చిట్టా, వేలంలో చేప అమ్మిన కాగితాలు, ఫోన్‌పే లెక్కలు ముందటి రెండు సీజన్లవి తీసి, రోజుకి సగటు ఎంతో కట్టండి. అందులోంచి డీజిలు, ఐసు, తిండి ఖర్చు తీసేయండి. మిగిలినదే మీ నికర నష్టం. ఖర్చులు తీయకుండా రాస్తే లెక్క మొత్తం మీద అనుమానం వస్తుంది. ఇంకో పడవ అద్దెకి తీసుకుని వేట సాగించి ఉంటే ఆ అద్దె రసీదు కూడా జతచేయండి.

బాగుచేయించే ముందు మత్స్యశాఖ అధికారితోనో, లైసెన్సున్న బీమా సర్వేయర్‌తోనో తనిఖీ చేయించి రిపోర్టు తీసుకోండి. ఎవరూ రాకపోతే "ఫలానా తేదీ దాకా చూసి రిపేరు మొదలుపెడతాం" అని రాసి పంపి, ఆ తేదీ దాటాక వీడియో తీసి పని మొదలుపెట్టండి. నెలల తరబడి పడవని ఇసుకలో వదిలేస్తే, నష్టం పెంచుకున్నది మీరేనంటారు.

ఫోటోలు, వీడియోలు తీసిన ఫోన్‌ని అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టులో వాటిని చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి.

క్లెయిమ్ లేఖ, దాని వెనకాలే ఆర్టీఐ

లేఖ నష్టం చేసిన దళానికి వెళ్ళాలి. ఓడ నౌకాదళానిదైతే విశాఖ కమాండ్‌కి, కోస్ట్ గార్డ్‌దైతే స్థానిక స్టేషన్ కమాండర్‌కి, ఫైరింగ్ అయితే ఆ రేంజ్ అధికారికి. కాపీలు కలెక్టర్‌కి, మత్స్యశాఖకి. రెండు పేజీలు మించనివ్వకండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, ఎంత నష్టం, ఎంత అడుగుతున్నారు. కోపం ఎంత న్యాయమైనదైనా లేఖలో వద్దు. పడవ మీద ఉన్న కళాసీలందరి పేర్లూ, ఎవరి నష్టం ఎంతో కూడా అందులోనే రాయాలి.

ఈ చివరి మాట ఎందుకంటే, ఎన్రికా లెక్సీ కేసు చూడండి. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరంలో ఆ పేరుగల ఓడ మీదున్న ఇటలీ నౌకాదళ సైనికులు కాల్చడంతో ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. ఇటలీ 10 కోట్లు కట్టాక, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ రెండు కుటుంబాలకి చెరి 4 కోట్లు, బోటు యజమానికి 2 కోట్లు కేటాయించింది. అదే బోటులో ఉన్న మిగతావాళ్ళకి ఏమీ లేదు. వాళ్ళు మళ్ళీ కోర్టుకెక్కితే, యజమాని వాటాలోంచి తొమ్మిది మందికి తలా 5 లక్షలు ఇమ్మని 2022లో తీర్పొచ్చింది. కళాసీల పేర్లు మొదటి నుంచీ ఉంటే ఈ రెండో పోరాటం వచ్చేది కాదు.

లేఖకి జవాబు రాకపోతే ఆర్టీఐ వేయండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "మా పడవని ఎందుకు గుద్దారు" అని అడిగితే ఏమీ రాదు, రికార్డు అడగండి: ఫలానా తేదీ ఫైరింగ్ నోటీసు కాపీ, మా అర్జీ మీద జరిగిన చర్య, విచారణ రిపోర్టు. భద్రత కారణం చెప్పి కొంత ఆపొచ్చు కానీ, ఆర్మీ, నేవీ, కోస్ట్ గార్డ్ ఆర్టీఐకి బయట లేవు. డీఆర్‌డీఓ మాత్రం రెండో షెడ్యూల్‌లో ఉంది కాబట్టి, అవినీతి, మానవ హక్కుల విషయాలు తప్ప మిగతావి అక్కడి నుంచి రావు. చాందీపూర్ వైపు వేటకి వెళ్ళేవాళ్ళు ఇది గమనించాలి.

డబ్బు ఇస్తామన్నప్పుడు

ఎక్స్‌గ్రేషియా వేరు, పరిహారం వేరు. మొదటిది ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే సాయం, అది తీసుకుంటే మిగతా హక్కు పోదు. కానీ రసీదులో "పూర్తి, తుది పరిష్కారం కింద" అన్న మాట ఉంటే ఆ సంతకంతో క్లెయిమ్ ముగిసినట్టే. ఆ మాట కొట్టేయించి "మిగతా హక్కులకు భంగం లేకుండా పాక్షికంగా తీసుకున్నాను" అని రాయించండి. ఒప్పుకోకపోతే ఆ రోజు సంతకం పెట్టకుండా వచ్చేయండి. ఇంట్లో అవసరం ఎంత ఉన్నా ఒక్కరోజు ఆగి వకీలుకి చూపించడం మంచిది.

వకీలు ఫీజు కట్టలేమని వెనక్కి తగ్గొద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి కూడా ప్రయత్నించొచ్చు, దానికి కోర్టు ఫీజు లేదు.

కోర్టుకి వెళ్ళాల్సి వస్తే

మామూలు ఓడ గుద్దితే 2017 అడ్మిరాల్టీ చట్టం కింద ఒడిశా హైకోర్టు ఆ ఓడనే ఆపించగలదు. యుద్ధనౌకలకి, వ్యాపారానికి వాడని ప్రభుత్వ ఓడలకి ఈ చట్టం వర్తించదు. కాబట్టి నేవీ ఓడని అరెస్టు చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. మీ దావా ఓడ మీద కాదు, యూనియన్ ఆఫ్ ఇండియా మీద.

దానికి ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద, రక్షణశాఖ కార్యదర్శికి నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. నోటీసులో మీ పేరు, చిరునామా, జరిగినది, కోరేది ఉండాలి. గడువు విషయంలో మూడేళ్ళు ఉందని చాలామంది ధీమాగా చెబుతారు. కానీ ఏదో ఒక చట్టం కింద చేసిన పని వల్ల నష్టమంటే, లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ ప్రకారం ఒక్క ఏడాదే. నోటీసు కాలం లెక్కలోంచి తీసేస్తారు. అయినా ఏడాదిలోపే దావా వేసేయండి.

ప్రభుత్వం "ఇది సార్వభౌమ విధి, మా మీద దావా చెల్లదు" అనొచ్చు. 1964లో సుప్రీంకోర్టు ఇచ్చిన కస్తూరీలాల్ తీర్పు వాళ్ళ వైపు ఉంది. అయితే 1994లో ఆంధ్రప్రదేశ్‌కి చెందిన నాగేంద్రరావు ఎరువుల కేసులో, అధికారుల నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు చెప్పింది. యుద్ధం చేయడం సార్వభౌమ విధి కావచ్చు, కాపలా లేకుండా ఓడ నడిపి వల తెంచడం ఎలా అవుతుందన్నదే మీ వకీలు వాదించాల్సిన మాట.

ప్రాణం పోతే దారులు ఇంకా ఉన్నాయి. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు 1855 ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద దావా వేయొచ్చు. జీవించే హక్కుకి భంగం స్పష్టంగా కనిపిస్తే హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఒడిశాకే చెందిన నీలబతీ బెహెరా కేసులో 1993లో సుప్రీంకోర్టు అలాగే ఒక తల్లికి లక్షన్నర ఇప్పించింది. ఏడాదిలోపు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి కూడా రాయొచ్చు. ఇవి కాక మత్స్య సంపద యోజన బీమా కింద ప్రమాద మరణానికి 5 లక్షలు వస్తాయి, దాన్ని వేరుగా అడగాలి.

గుద్దినది విదేశీ యుద్ధనౌక అయితే మన కోర్టులో దావాకి సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ కింద కేంద్రం అనుమతి కావాలి. కలెక్టర్ ద్వారా విదేశాంగశాఖకి వెంటనే రాయండి. అమెరికా నౌక అయితే వాళ్ళ 1925 పబ్లిక్ వెసెల్స్ చట్టం కింద అక్కడి కోర్టుకే వెళ్ళొచ్చు కానీ గడువు రెండేళ్ళే, అమెరికా నేవీతో ఉత్తరాలు నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.

మన ప్రభుత్వం మీద గెలిచిన తర్వాత కూడా అదే కోడ్ 82వ సెక్షన్ ప్రకారం మూడు నెలలు చూసి, అప్పటికీ కట్టకపోతేనే అమలు పిటిషన్ వేయాలి. ఈలోగా వారసుల సర్టిఫికెట్టు, బ్యాంకు ఖాతాలు, కళాసీల వాటాల ఒప్పందం సిద్ధం చేసుకోండి. డబ్బు ఎవరి ఖాతాలో ఎంత పడాలో డిక్రీలోనే రాయించమని వకీలుని ముందే అడగండి, యజమాని ఖాతాలో మొత్తం పడ్డాక పంచుకోవడం పేటలో ఎప్పుడూ గొడవే.